గంతల కింది సందు

ఎదుటివాళ్ళ అబద్ధాలు పట్టడం పళ్ళ డాక్టరుకి ఉద్యోగంలో భాగం. కుర్చీలో వెనక్కి వాలిన ప్రతివాళ్ళూ రోజుకి రెండుసార్లు పళ్ళు తోముకుంటామనే చెబుతారు. ఈ డాక్టరమ్మ వాళ్ళ చిగుళ్ళ పక్కన చిన్న అద్దం పెట్టి ఒక్క క్షణం చూసి, "రోజుకి రెండుసార్లా, వారానికా?" అని అడుగుతుంది. నోరు తెరుచుకుని ఉన్న మనిషి జవాబెక్కడ చెప్పగలడు! అలాంటి గట్టి మనిషి, ఆదివారం ఆదివారం ఒక పెద్దాయన పక్కన కూర్చుని ఆయన్ని మోసం చేస్తోందంటే ఎవరు నమ్ముతారు? ఆ పెద్దాయన అయితే అసలే నమ్మడు.

ఆవిడకి విమానం నడపడం వచ్చు. నాలుగు సీట్ల చిన్న విమానం, సొంత సరదాకి నడుపుకోవడానికి లైసెన్సు కూడా ఉంది. కాకపోతే ఆ లైసెన్సు ఆకాశం తేటగా ఉన్నప్పుడే చెల్లుతుంది. మబ్బులోకి వెళ్ళాలంటే వేరే శిక్షణ, వేరే పరీక్ష. మబ్బులో కళ్ళకి ఏమీ కనపడదు, ఒళ్ళు చెప్పేది ఒక్కటీ నిజం కాదు. విమానం ఓ పక్కకి ఒరిగి జారిపోతున్నా సోఫాలో కూర్చున్నంత హాయిగా ఉంటుంది. ఎదురుగా ఉన్న మీటర్లని నమ్మి నడపాలి, వేరే దారి లేదు.

ఈ విద్య నేర్పడానికి కావలసినప్పుడల్లా మబ్బులు దొరకవు కదా. అందుకని ఎండ కాసే రోజునే, నేర్చుకునేవాళ్ళ తలకి ముందుకు పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ మూత ఒకటి తగిలిస్తారు. అది పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మీటర్లు తప్ప కిటికీ అవతల ఏమీ కనపడకూడదు. నేర్పే మాస్టారు పక్క సీట్లో కూర్చుని బయట కనిపెట్టుకుని ఉంటాడు. ఆవిడ మోసం చేస్తున్న పెద్దాయన ఈ మాస్టారే. ఆ మూతని ఆయన గంతలు అనేవాడు. గంతలు కట్టుకోమ్మా, బండి లాగుదువుగాని అని పాఠం మొదలుపెట్టే ముందు ప్రతిసారీ అదే జోకు వేసి, ప్రతిసారీ తనే నవ్వుకునేవాడు.

మొదటి పాఠంలో ఆవిడకి కడుపులో తిప్పింది. తల దిమ్మెక్కింది. వాంతి వస్తుందేమోనని ఎడమవైపు మొహం తిప్పింది. అప్పుడు ముక్కుకీ గంతల అంచుకీ మధ్య చిటికెన వేలంత సందులోంచి, పక్క కిటికీ అవతల, నేల కనపడింది. ఒక పచ్చటి పట్టీ, దాని మీద ఒక రోడ్డు. అంతే, తల తిరగడం ఠక్కున ఆగిపోయింది. నేల పట్టీ వెడల్పయితే విమానం ఎడమకి ఒరిగినట్టు, సన్నబడితే కుడికి ఒరిగినట్టు. ఇంత సులువైన లెక్క ఉండగా ఆరు మీటర్ల మీద కళ్ళు పరిగెత్తించడం ఎందుకు? ఈ ఒక్కసారికే అనుకుంది. ఒక్కసారికే అనుకున్న పనులు ఎక్కడ ఆగుతాయో అందరికీ తెలిసిందే.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆవిడ కళ్ళు దించుకుని నేల చూసేది. మాస్టారు పొంగిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా నేర్పుతున్నాను గాని ఇంత నిలకడైన చెయ్యి చూడలేదు, పళ్ళు పీకే చెయ్యి కదా అని క్లబ్బులో అందరి ముందూ మెచ్చుకునేవాడు. ఆ మెప్పు ఆవిడకి తీపిగానే ఉండేది, అదీ చెప్పుకోవాలి. ఇంటికెళ్ళి రాత్రి పడుకున్నాక మాత్రం, వచ్చే వారం నుంచి నిజంగా నేర్చుకుంటాను అనుకునేది. వచ్చే వారం కళ్ళు వాటంతట అవే సందులోకి జారేవి.

ఆవిడ భర్తకి టైర్ల షాపు ఉంది. అరిగిన టైరు మనిషిని ఏం చేస్తుందో రోజూ చూసేవాడు. ఏడాది కిందట కూతురితో సహా ముగ్గురూ విమానంలో తిరిగి వస్తుంటే దారిలో మబ్బులు కిందికి దిగిపోయాయి. మబ్బుల్లో దూరకుండా ఉండాలని ఆవిడ చెట్ల తలలు తగులుతాయేమో అన్నంత కిందుగా నడిపి, దొరికిన చోట దింపింది. భర్త దిగి, చాలాసేపు విమానం చక్రం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. తర్వాత కోప్పడలేదు, తిట్టలేదు. నేనింక ఎక్కను, నీ సరదా నీది, కాని చిట్టిని మాత్రం ఎక్కించకు అన్నాడు. మబ్బులో నడపడం వచ్చని మాస్టారు తన నోటితో చెప్పిన రోజున అప్పుడు చూద్దాం అన్నాడు. చిట్టి వాళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళది. అమ్మ విమానం అంటే ప్రాణం పెడుతుంది.

ఆ మాట కోసమే ఆవిడ ఈ శిక్షణ మొదలుపెట్టింది. ఆ మాట వచ్చేసింది కూడా, అదే కొంప ముంచింది. ఒక ఆదివారం పొద్దున్నే మాస్టారు ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టమని, భర్త వినేలా చెప్పాడు. ఇవాళ మంచి మబ్బు పట్టింది. ఉరుములూ గాలీ ఏమీ లేవు, దుప్పటి కప్పినట్టు ఉంది, ఇలాంటిది మళ్ళీ దొరకదు. మీ ఆవిడకి మబ్బులో నడపడం వచ్చేసింది. ఇవాళ గంతలు వద్దు, నిజం మబ్బులోకే వెళదాం. పిల్లని కూడా తీసుకురండి, వాళ్ళమ్మ పనితనం చూస్తుంది. పక్కన నేనుంటానుగా!

చిట్టి అప్పటికే బూట్లు వేసేసుకుంది. భర్త భార్య మొహంలోకి చూసి, ఏమంటావు అన్నాడు. అదిగో, అప్పుడు చెప్పాలి. నాకు రాదు, నేను దొంగచూపులు చూశాను అని ఒక్క మాట. ఆవిడ నోరు తెరిచింది కూడా. దొంగకి తేలు కుట్టినట్టుంది ఆవిడ పని. అరిస్తే పరువు పోతుంది, ఊరుకుంటే విషం ఎక్కుతుంది. "మాస్టారు ఉంటారుగా," అని మాత్రం అంది.

దారి పొడుగునా కారులో ఆవిడ, టైరు పంక్చర్ అయితే బాగుండునని దేవుడికి మొక్కుకుంది. టైర్ల షాపాయన కారుకి పంక్చరా, దేవుడు కూడా నవ్వి ఉంటాడు.

విమానం చుట్టూ తిరిగి అన్నీ సరిచూసేటప్పుడు ఎక్కడో ఒక లోపం దొరక్కపోతుందా అని బోల్టు బోల్టూ తడిమింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆవిడ ఎడమ సీటు, మాస్టారు కుడి సీటు, వెనక చిట్టి. ఇంజను హోరులో ఒకరి మాట ఒకరికి వినపడటానికి పెట్టుకునే హెడ్‌ఫోన్లు పిల్ల తలకి పెద్దవై మాటిమాటికీ జారుతున్నాయి. భర్త కంచె అవతల నిలబడి చెయ్యి ఊపాడు. పిల్ల ఊపింది. ఆవిడ ఊపలేదు, చేతులు ఖాళీ లేనట్టు ఏవో మీటలు సర్దుతూ కూర్చుంది.

విమానం లేచిన కాసేపటికే కిటికీల్లో తెలుపు నిండిపోయింది. ఇళ్ళు, చెట్లు, రోడ్లు ఒక్క గుక్కలో మాయమయ్యాయి. ఆవిడ కళ్ళు అలవాటు కొద్దీ ఎడమవైపు జారాయి. అక్కడ నేల పట్టీ లేదు. పైనా తెలుపే, కిందా తెలుపే, రెక్క చివర కూడా సగమే కనపడుతోంది. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

మొదట్లో అంతా బాగానే ఉన్నట్టుంది. కింద ఎయిర్‌పోర్టులో కూర్చుని విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ రేడియోలో ఎడమకి తిరగమన్నాడు. ఆవిడ తిప్పింది. మెల్లగా, చాలాసేపు తిరిగింది విమానం. మాస్టారు చేతులు కట్టుకుని, కూనిరాగం తీస్తూ కూర్చున్నాడు. శిష్యురాలి మీద ఎంత నమ్మకమంటే మీటర్ల వైపు కూడా సగం సగమే చూస్తున్నాడు. తిరగడం పూర్తయ్యి విమానాన్ని సరిచేయగానే ఆవిడకి కుడివైపు దొర్లిపోతున్నట్టు అనిపించింది. కుర్చీ కింద నేల జారిపోయినట్టు, స్పష్టంగా, అనుమానం లేకుండా. ఎడమకి కొంచెం వంచితే తప్ప ప్రాణం కుదుటపడలేదు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి పిల్ల, కడుపులో తిప్పుతోంది మాస్టారూ అంది. మనవరాలి వయసు పిల్ల అలా అంటే ఏ పెద్దవాడికైనా చెయ్యి ఆగుతుందా? ఆయన గబుక్కున వెనక్కి తిరిగి, సీటు కింది సంచిలో కాగితం కవరు కోసం తల పూర్తిగా కిందికి వంచి వెతికాడు. పిల్ల హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి కవరు చేతికిచ్చి, ఒక్క విసురున మళ్ళీ ముందుకు తిరిగాడు. మబ్బులో తల దించి గిర్రున తిప్పకూడదని శిష్యులందరికీ చెప్పేది ఆయనే. చెవిలో ఉన్న తూకం కాస్తా చెదిరిపోయింది. విమానం తలకిందులుగా దొర్లుతున్నట్టయి రెండు చేతులతో తన సీటు పట్టుకున్నాడు.

"అమ్మా, నువ్వే చూసుకో," అన్నాడు. గొంతు ఆయనది కాదు. "నాకు తిరుగుతోంది. మీటర్ల సూదులన్నీ అలుక్కుపోతున్నాయి. నేను ముట్టుకుంటే చెడగొడతాను. నీకు వచ్చుగా, నువ్వు నడుపు."

నీకు వచ్చుగా! ఆ మాటతో ఆవిడ మీటర్ల వైపు తిరిగింది. ఎదురుగా ఆరు గుండ్రటి మీటర్లు. మధ్యలో పైనున్నదాంట్లో సగం నీలం ఆకాశం, సగం గోధుమరంగు నేల, వాటిని విడదీస్తూ ఒక గీత, దాని దగ్గర చిన్న బొమ్మ రెక్కలు. ఆ బొమ్మ ఎడమకి బాగా వాలి ఉంది. కాని తను నిటారుగా ఉంది కదా! కూర్చున్న మనిషికి తెలియదా? ఆ మీటరే చెడిపోయింది అనుకుంది. కళ్ళు మళ్ళీ కిటికీకి వెళ్ళాయి. మళ్ళీ తెలుపు. మళ్ళీ మీటరుకి, మళ్ళీ కిటికీకి. ఇంతలో గాలి హోరు పెరిగింది. ఇంజను గొంతు సన్నగా, కీచుగా మారింది. ఎత్తు చూపే ముల్లు వెనక్కి తిరుగుతోంది. వెనక పిల్ల కవరులో మొహం పెట్టి వాంతి చేసుకుంటోంది. ఈ పిల్ల చచ్చిపోతుంది, నా వల్ల చచ్చిపోతుంది, మెప్పు కోసం చంపుకున్నాను అనుకుంది. ఆ ఆలోచన ఎంత స్పష్టంగా వచ్చిందంటే, పిల్ల బూట్ల లేసులు ఎవరు కట్టారా అని కూడా అనిపించింది.

"మాస్టారూ, నాకు రాదు."

"ఏం రాదు?"

"గంతల కింద నుంచి బయటికి చూసేదాన్ని. మొదట్నుంచీ. ఒక్కరోజు కూడా మీటర్లు చూసి నడపలేదు. నాకు రాదండీ."

చెప్పాక ఆవిడకి చావే నయమనిపించింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, చెవులు రిక్కించి, ముందుకు వంగాడు.

"తిట్టేది కింద తిడతాను. ముందు ఇంజను తగ్గించు. తగ్గించావా? బొమ్మ రెక్కలు ఎటున్నాయి?"

"ఎడమకి వాలాయి. కాని నేను తిన్నగానే ఉన్నాను మాస్టారూ, నాకు తెలుస్తోంది."

"నీకేం తెలీదు, నాకేం తెలీదు. నువ్వు చదువు, నేను నమ్ముతాను. రెక్కలు సరిచెయ్యి. ముక్కు ఎత్తకు, ముందు రెక్కలు."

కుడికి తిప్పింది. ఒళ్ళంతా గగ్గోలు పెట్టింది. విమానాన్ని తన చేత్తో తనే కుడివైపు అగాధంలోకి తోసేస్తున్నట్టు, ఇంకొంచెం తిప్పితే బోర్లా పడుతుందన్నట్టు. చేతులు వద్దు వద్దంటున్నాయి. మాస్టారు ఎక్కడుంది, ఎక్కడుంది అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ చిన్నపిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు, ఇంకా ఎడమకే ఉంది, ఇంకా ఎడమకే, గీత దగ్గరికి వచ్చింది, గీత మీదికి వచ్చింది అని పైకి చదువుతూ పోయింది. గీత మీద నిలిచాక తన ఒంటికి కుడివైపు పూర్తిగా పడిపోయినట్టుంది. మెడ పక్కకి వాల్చుకుని, పళ్ళు బిగబట్టి కూర్చుంది.

"ఇప్పుడు ముక్కెత్తు. మెల్లగా. శబ్దం తగ్గుతోంది, నాకు వినపడుతోంది. ఎత్తు ఎంత?"

చెప్పింది. నేలకి వాళ్ళు ఎంత దగ్గరగా దిగిపోయారో ఆయనకి అర్థమయింది. సీటు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడటం ఆవిడ ఓరకంట చూసింది. ఆయన భయపడితే ఇంక ఎవరున్నారు?

రేడియోలో కంట్రోలర్ ఏమయింది, అంత కిందికి ఎందుకు దిగారు అని అడిగాడు. మాస్టారు జరిగింది చెప్పి, తిన్నగా రన్‌వేకి దారి చూపించమన్నాడు. అక్కణ్ణుంచి దిగేదాకా ఆవిడ చదువుతూనే ఉంది. రెక్కలు, ఎత్తు, వేగం, దిక్కు. మళ్ళీ రెక్కలు. మాస్టారు కళ్ళు తెరుస్తాడు, సూదులు ఇంకా వణుకుతుంటే మళ్ళీ మూసుకుంటాడు, సరే అంటాడు. రన్‌వే దారి చూపే మీటర్లో రెండు గీతలుంటాయి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఆ రెండూ మధ్యలో కలిసి ఉండేలా దిగాలి. అవి కొంచెం పక్కకి పోయినా ఆవిడ వెంటనే పైకి చదివేది. ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు. చూస్తే పిల్ల పోతుంది అనుకుంది. చూడకపోతే బతుకుతుంది.

చుట్టూ వెలుగు మారింది. తెలుపు చిరిగి, కిందనుంచి చెట్లు, ఇళ్ళ కప్పులు, తడి రోడ్డు వచ్చాయి. పక్కన మాస్టారు ఊపిరి వదిలాడు. నిజం నేల కనపడగానే ఆయన తల నిలబడింది.

"వచ్చేశామమ్మా. తలెత్తి చూడు, రన్‌వే ఎదురుగానే ఉంది."

ఆవిడ తలెత్తలేదు. రెక్కలు గీత మీద ఉన్నాయి, ఎత్తు తగ్గుతోంది, వేగం సరిగా ఉంది అని చదివింది. మాస్టారు మళ్ళీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ అదే చదివింది. మెడ కదలడం లేదు. ఆయన ఇంక ఏమీ అనకుండా, ఒక్కొక్క వేలూ విడదీసినట్టు మెల్లగా ఆవిడ చేతుల్లోంచి తన చేతుల్లోకి విమానం తీసుకుని దింపాడు. చక్రాలు నేలకి తగిలాక కూడా ఆవిడ ఇంకోసారి, రెక్కలు గీత మీద ఉన్నాయి అంది.

ఇంజను ఆపాక ఆవిడ తిట్లు వస్తాయనుకుంది. రాలేదు. మాస్టారు, పిల్లని తీసుకురమ్మన్నది నేను, మీ ఆయనకి మాటిచ్చింది నేను అన్నాడు. తలుపు తీస్తూ, ఆయనకి నేను చెప్పను, నువ్వే చెప్పు అని దిగిపోయాడు.

చిట్టికి ఇవేమీ పట్టలేదు. కవరు మూతి ముడి వేసి, అదేదో బహుమతి అన్నట్టు పట్టుకుని కంచె దగ్గరికి పరిగెత్తింది. తండ్రి చుట్టూ గెంతుతూ ఒకటే వాగుడు. అంతా తెల్లగా ఉంది నాన్నా, ఏమీ కనపడలేదు, జారుడుబల్ల మీద జారినట్టు జారాం, నేను వాంతి చేసుకున్నాను, కాని కొంచెం కూడా భయపడలేదు. "అమ్మకి అన్నీ తెలుసుగా," అంది. భర్త నవ్వుతూ భార్య వైపు తిరిగి, మొత్తానికి సాధించావు అన్నాడు.

ఆవిడ కంచె కమ్మీ పట్టుకుంది. చెప్పకుండా ఉండవచ్చు. మాస్టారు చెప్పడు, పిల్లకి తెలియదు, భర్త ఇవాళ ఎంతో సంతోషంగా ఉన్నాడు. వచ్చే వారం నుంచి నిజంగా నేర్చుకోవచ్చు. ఆ పాత మాట తనకే వినపడి అసహ్యం వేసింది. గంతల సంగతి, సందు సంగతి, ఇవాళ విమానం ఎలా జారిందో, ఎంత కిందికి పోయిందో, పక్కన మాస్టారు కళ్ళు మూసుకుని ఉండగా తనకి రాదని ఎలా ఒప్పుకుందో, అంతా ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. భర్త మొహంలో నవ్వు పోవడం చూస్తూనే చెప్పింది. ఆయన చెయ్యి పిల్ల తల మీదికి వెళ్ళింది.

మాట్లాడింది చిట్టి. గెంతడం ఎప్పుడు ఆపిందో ఎవరూ చూడలేదు.

"అమ్మా, మనం లోపల ఉన్నప్పుడు... నీకు తెలీదా?"

"తెలీదమ్మా."

పిల్ల వెనక్కి తిరిగి ఆ విమానాన్ని చూసింది. దాని పైన ఇంకా కదలకుండా పరుచుకుని ఉన్న మబ్బుని చూసింది. లోపల లేని భయం ఇప్పుడు నేల మీద, అందరి మధ్యా, మెల్లగా ఆ మొహంలోకి వచ్చింది. చేతిలో కవరు జారి పడింది. తల్లి గబగబా రెండు చేతులూ చాపింది.

చిట్టి ఆ చేతుల వైపు చూసి, తండ్రి చొక్కా పట్టుకుని, ఆయన వెనక్కి వెళ్ళి నిలబడింది.